ఓటు లేనివాడికి మాట ఉండదా?

ప్రశ్న: నేను 2014లో పై చదువు కోసం టెక్సస్ వచ్చాను. ఇప్పుడు హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద డాలస్ శివార్లలో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది హెచ్-4, అంటే నా మీద ఆధారపడిన వీసా. ఆరేళ్ల పాప ఇక్కడే పుట్టింది. గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాం. అది ఎప్పటికి వస్తుందో లెక్క కట్టడం మానేశాం. మా అక్కయ్య, బావగారు 1998లో వచ్చి ఇక్కడి పౌరులయ్యారు. బంధువులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నలభై మందికి పైగా ఉంటాం. ఏడాదిగా అక్కడ పెళ్లి ఫొటోలు తగ్గాయి, అమెరికా రాజకీయాలు పెరిగాయి. సంకెళ్లు వేసి విమానం ఎక్కిస్తున్న మనుషుల వీడియోలు పెట్టి, 'మేము చట్టప్రకారం వచ్చాం, వీళ్లకు ఇదే తగిన శాస్తి' అని బావగారు రాస్తుంటారు. ఒకరోజు ఆగలేక అది తప్పని వాదించాను. మాటకు మాట పెరిగింది. 'ఓటు లేనివాడివి, వీసా మీద బతికేవాడివి, ఈ దేశం ఎలా నడవాలో చెప్పడానికి నువ్వెవరు?' అన్నారు. 'పాస్‌పోర్టు రంగు మారితే మనిషి రంగు కూడా మారుతుందా?' అని నేను రాశాను. రెండు నెలలుగా అక్కయ్య నా ఫోను ఎత్తడం లేదు. నా ఫేస్‌బుక్‌లో కూడా ఇలాంటి పోస్టులు కొన్ని ఉన్నాయి. వేసవిలో ఇండియా వెళ్లి స్టాంపింగ్, అంటే అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద కొత్త వీసా ముద్ర, చేయించుకోవాలి. అన్నీ తీసేసి ఇక మాట్లాడకుండా ఉండమంటోంది నా భార్య. నిజంగా నాకు మాట్లాడే హక్కు లేదా? ఉంటే ఇంత భయం ఎందుకు? బావగారితో ఎలా మెలగాలి?

పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, టెక్సస్

సమాధానం: ముందుగా మీ బావగారు అడిగిన ప్రశ్న. అది మీకు ముల్లులా దిగిందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మాట్లాడే హక్కు మీకు ఉంది. ఓటు హక్కు లేదు, అదీ నిజమే. ఆ రెండింటినీ ఒకే మూటలో కట్టి ఎవరూ ఇవ్వలేదు.

వాక్‌స్వాతంత్ర్యాన్ని కుదించే చట్టం చేయరాదని రాజ్యాంగానికి 1791లో వచ్చిన మొదటి సవరణ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చేతులు కట్టేసింది. ఆ వాక్యంలో 'పౌరుడు' అన్న మాట వెతికినా దొరకదు. 1868లో వచ్చిన 14వ సవరణ, చట్టం ముందు సమాన రక్షణను 'ఏ వ్యక్తికీ' నిరాకరించరాదంటుంది. ఆ 'వ్యక్తి' అన్న మాటకు ప్రాణం పోసినవారు శాన్ ఫ్రాన్సిస్కోలో బట్టలు ఉతికే దుకాణాలు నడుపుకున్న చైనావాళ్లు. చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే అనుమతి తీసుకోవాలని నగరం నిబంధన పెట్టింది. చైనావాళ్లు అడిగితే లేదంది, మిగతావాళ్లకు దాదాపు అందరికీ ఇచ్చింది. యిక్ వో పేరు మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆ కేసులో 1886లో లాండ్రీవాళ్లే గెలిచారు. అప్పటికి చైనావాళ్లు అమెరికా పౌరసత్వం తీసుకునే దారే మూసి ఉంది. ఓటు లేదు, వచ్చే ఆశా లేదు. అయినా ఈ రోజు మీ బావగారు అనుభవిస్తున్న సమాన రక్షణకు పునాదిరాళ్లు మోసినవారిలో వాళ్లు ఉన్నారు.

1945లో ఇంకో కేసు. ఆస్ట్రేలియాలో పుట్టిన రేవు కార్మిక నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్‌ను దేశం నుంచి పంపించాలని ప్రభుత్వం ఏళ్ల తరబడి పట్టుపట్టింది. అమెరికాలో నివసిస్తున్న విదేశీయులకూ వాక్‌స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు ఆ తీర్పులో చెప్పింది. ఇటీవల 2025 సెప్టెంబరు 30న బోస్టన్‌లో విలియం యంగ్ అనే ఫెడరల్ జడ్జి, చట్టబద్ధంగా దేశంలో ఉన్న విదేశీయులకు పౌరులతో సమానమైన వాక్‌స్వాతంత్ర్యం ఉందని తీర్పు ఇచ్చారు. ఆయనను ఆ పదవిలో నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్.

పోనీ, ఓటు లేని తెలుగువాడు ఆ గడ్డ మీద రాజకీయాలు మాట్లాడటం మీతో మొదలైందా అంటే అదీ కాదు. 1913లో పసిఫిక్ తీరంలో బ్రిటిష్ పాలన మీద తిరగబడటానికి ప్రవాస భారతీయులు పెట్టిన గదర్ పార్టీ పుట్టినప్పుడు అందులో చేరిన కుర్రాళ్లలో కనిగిరి నుంచి చదువుకోవడానికి వెళ్లిన దరిశి చెంచయ్య ఉన్నారు.

ఇంతవరకు చదివి మీ భార్యకు ఫోను అందించి 'చూశావా' అనకండి. ఆమె మాట కూడా నిజమే. హక్కు ఉండటం వేరు, ఆ హక్కును చేతిలోకి తీసుకోవడానికి పట్టే కాలం వేరు. మసాచుసెట్స్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న తుర్కియే విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్ విషయమే తీసుకోండి. కళాశాల పత్రికలో మరికొందరితో కలిసి ఒక వ్యాసం రాశారామె. 2025 మార్చి 25న ముసుగులు వేసుకున్న అధికారులు వీధిలో ఆపి తీసుకెళ్లారు. మే 9న జడ్జి విడుదల చేయమనే వరకు ఆరు వారాలకు పైగా లూయిసియానాలోని నిర్బంధ కేంద్రంలో ఉన్నారు. హక్కు గెలిచింది, నిజమే. ఆ ఆరు వారాలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. పాపను బడి నుంచి తీసుకురావలసిన తల్లి ఆ ఆరు వారాల గురించే ఆలోచిస్తుంది. దాన్ని పిరికితనం అని మీరు ఒక్కసారి అన్నా, ఆ మాట వెనక్కి తీసుకోండి.

మీ పరిస్థితిలో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. మొదటి సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు కంపెనీని కాదు. మీ పోస్టు నచ్చలేదని యజమాని ఉద్యోగంలోంచి తీసేస్తే వాక్‌స్వాతంత్ర్యం పేరుతో కోర్టుకు వెళ్లి గెలవడం చాలా రాష్ట్రాల్లో కష్టం. పౌరుడికి ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుంది. మీకు పోతే 60 రోజుల గడియారం మొదలవుతుంది, ఆ లోపు ఇంకో ఉద్యోగం దొరకకపోతే సాధారణంగా దేశం వదలాలి. రెండోది స్టాంపింగ్. అమెరికా నేల మీద నిలబడి ఉన్న మీకు కోర్టు అండగా ఉంటుంది. దేశం బయట, వీసా కిటికీ ముందు నిలబడిన మీకు ఆ అండ దాదాపు ఉండదు. వీసా అధికారి కాదంటే ఆ నిర్ణయాన్ని సమీక్షించబోమని కోర్టులు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. 2024లో సుప్రీంకోర్టు మళ్లీ అదే చెప్పింది. మనిషి అదే, పోస్టు అదే, నిలబడిన చోటును బట్టి బలం మారిపోతుంది. మీ భయం అక్కడి నుంచి వస్తోంది, అందులో తప్పు లేదు.

ఇక పోస్టులు. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో గత 5 ఏళ్లుగా వాడిన సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలు 2019 నుంచి అడుగుతున్నారు. ఆ ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాలని 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకు చెప్పారు. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4లకు కూడా అదే నియమం వచ్చింది. కాబట్టి మీ భార్య ఖాతా కూడా లెక్కలోకి వస్తుంది. ఏ ఖాతానూ దాచకండి. పోస్టు వల్ల వచ్చే ఇబ్బంది అధికారి అభిప్రాయం మీద ఆధారపడుతుంది. ఫారంలో అబద్ధం రాస్తే మాత్రం అది జీవితాంతం వెంటాడుతుంది. పాత పోస్టులు తీసేయాలా వద్దా అన్నది ప్రయాణానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించి నిర్ణయించుకోండి. ఆ ఒక్క గంట సలహాకు అయ్యే ఖర్చు గురించి వెనకాడవద్దు. గ్రూపులో ఎవరో 'మా వాడికి ఏమీ కాలేదు' అన్నారని నమ్మి విమానం ఎక్కకండి.

లాయర్ దగ్గరికి వెళ్లే ముందు మీరే ఒక సాయంత్రం కూర్చుని మీ పోస్టులన్నీ చదవండి. ఒక విధానాన్ని కారణాలతో తప్పుపట్టినవి కొన్ని ఉంటాయి. వాటికి మీరు సిగ్గుపడనక్కరలేదు. ఎవరినో పేరు పెట్టి తిట్టినవి, నిజమో కాదో చూడకుండా పంచుకున్న వీడియోలు కొన్ని ఉంటాయి. అవి వీసా ఉన్నా లేకపోయినా ఉండదగనివి.

ఓటు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ దగ్గర ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడిగితే, పౌరుడినన్న గడిలో పొరపాటున కూడా టిక్కు పెట్టకండి. పౌరుడినని అబద్ధం చెప్పినా, ఓటు వేసినా గ్రీన్ కార్డు ఆశ శాశ్వతంగా పోవచ్చు. ఎన్నికల చందాలు ఇవ్వడం కూడా వీసా మీద ఉన్నవారికి నిషేధం. చట్టం మీ ముందు గీసిన గీతలు ఇవి. 'నువ్వెవరు' అనేది చట్టం గీసిన గీత కాదు.

ఇప్పుడు బావగారి వాదన. ఆయన మాటల్లో నిజం లేదని నేను అనను. సరిహద్దు ఉన్న ప్రతి దేశానికీ ఎవరు రావాలో నిర్ణయించుకునే అధికారం ఉంది. మన వాళ్లు చేసిన తప్పులూ ఉన్నాయి, వాటిని మనమే ముందు చెప్పాలి. లేని అనుభవం రాసిన రెజ్యూమెలు, పని చూపించకుండా బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టిన కన్సల్టెన్సీలు, ఒకే మనిషి పేరును నాలుగైదు కంపెనీల ద్వారా హెచ్-1బి వీసాల లాటరీలో వేయించడం ఏ తెలుగు ఇంట్లో వినలేదు? 2023 లాటరీలో 7,80,000కు పైగా నమోదులు వచ్చాయి. మనిషికి ఒక్కటే అవకాశం అని నియమం మార్చగానే మరుసటి ఏడాది అవి సుమారు 4,80,000కు పడిపోయాయి. ఆ తేడాలో మన వాళ్ల వాటా లేదని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరూ అనలేరు. నిజాయతీగా ఒకే నమోదు వేసుకుని ఓడిపోయిన పిల్లల కడుపు కొట్టిన పని అది. బావగారికి దాని మీద కోపం ఉంటే ఆ కోపం న్యాయమైనదే.

అయితే 'మేము వరుసలో నిలబడి వచ్చాం' అన్న మాట దగ్గర ఆగాలి. ఆయన నిలబడిన వరుస వేరు, మీది వేరు. ఆయన వచ్చిన కొద్దికాలానికే హెచ్-1బి పరిమితిని 65,000 నుంచి 1,15,000కు, తరువాత 2001 నుంచి మూడేళ్ల పాటు 1,95,000కు పెంచారు. వాడకుండా మిగిలిపోయిన గ్రీన్ కార్డులను 2000 నాటి చట్టంతో వెలికితీశారు. 2004 నుంచి మళ్లీ 65,000. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000, అంతే. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000 చుట్టూనే ఆగిపోయాయి. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమం, చిన్న ద్వీపమైన ఐస్‌లాండ్‌కూ మన దేశానికీ ఒకే కొలత పెట్టింది. మీరిద్దరూ ఒకే వరుసలో నిలబడితే ఆయన ముందు చేరారనుకోవడం పొరపాటు. ఆయన వెళ్లిన తరువాత ద్వారం ఇరుకైంది.

ఆ వీడియోల్లోని మనుషుల సంగతి చూస్తే, వాళ్లలో చాలామందికి నిలబడటానికి వరుసే లేదు. పెద్ద చదువు, ప్రత్యేక నైపుణ్యం లేని పొలం కూలీకి, వంటవాడికి ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 10,000 మించి ఉద్యోగ గ్రీన్ కార్డులు ఉండవు. అందుకని అక్రమంగా రావడం ఒప్పు అవుతుందా? కాదు. వెనక్కి పంపే అధికారం ప్రభుత్వానికి ఉందా? ఉంది. కానీ 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానంలో 104 మంది భారతీయులను చేతులకు, కాళ్లకు సంకెళ్లతో అన్ని గంటలు కూర్చోబెట్టి తెచ్చారు. పంపడానికి అధికారం ఉంది కాబట్టి అలా పంపినందుకు సంతోషించాలి అంటే నేను ఒప్పుకోను. మీరు ఒప్పుకోకపోవడమూ సరైనదే. బావగారితో వాదించదలిస్తే ఆ ఒక్క విషయం మీద వాదించండి. ఆయన కట్టే పన్ను, మీరు కట్టే పన్ను, రెండూ ఆ విమానం ఇంధనంలో కలిశాయి.

ఇంకో మాట ఆయనకు మెల్లగా గుర్తు చేయాలి. మన వాళ్లు కూడా ఆ వీడియోల్లోకి రాకుండా ఉండరు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అది అధికారులే వల పన్ని నడిపిన దొంగ విశ్వవిద్యాలయం. మొదటి విడతలో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే, అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలు. తెలిసి చేరినవాళ్లున్నారు, మోసపోయినవాళ్లున్నారు. ఆ వారం తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరుగులు పెట్టాయి. 'తగిన శాస్తి' అని అప్పుడు మన గ్రూపుల్లో రాసినవాళ్లను నేను చూడలేదు, ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరి అబ్బాయి అందులో ఉన్నాడు.

పౌరసత్వం కాగితం కూడా అంత గట్టి గోడ కాదు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే 'తెల్లవాళ్లు' కారని, అందుకని పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. ఆ తీర్పు తరువాత, అప్పటికే పౌరులైన భారతీయుల నుంచి పౌరసత్వం వెనక్కి లాక్కున్నారు. అలా పోగొట్టుకున్న శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ 1928లో ప్రాణం తీసుకున్నారు. ఆ తీర్పు వచ్చిన రోజుల్లోనే మన భీమవరంలో పుట్టిన వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో ఓడ దిగారు. ఎన్ని మందులకు దారి చూపారో తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. భారతీయులకు పౌరసత్వం దారి 1946లో మళ్లీ తెరుచుకుంది, అదీ ఏడాదికి 100 మంది వలసదారుల కోటాతో. అమెరికా పౌరుడు కాకుండానే సుబ్బారావు 1948లో కన్నుమూశారు. ఓటు లేని ఆ మనిషి ఆ దేశానికి ఏమవుతాడు? బావగారిని అడగమని కాదు, మీరే ఆలోచించుకోండి.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన వ్యక్తి 'నా దేశం నుంచి వెళ్లిపో' అని అరిచాడు. అంతకు ముందు 'ఏ వీసా మీద ఉన్నారు, అక్రమంగా ఉంటున్నారా' అని నిలదీశాడు. చట్టప్రకారం వచ్చినవాళ్లన్నది అతని తూటాను ఆపలేదు. అప్పుడు నేను న్యూజెర్సీలో ఉన్నాను. ఆ శనివారం గుడిలో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, పౌరులు అందరూ ఒకే చాప మీద కూర్చున్నాం, ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఆ కాల్పుల్లో అడ్డు వెళ్లి తూటా తిన్నవాడు ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్ల అమెరికన్. భర్త పోవడంతో వీసా హోదా కూడా పోయిన శ్రీనివాస్ భార్య సునయన మళ్లీ అమెరికా రావడానికి సాయపడినవాడు ఆ ప్రాంతపు రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్. ఈ చివరి రెండు సంగతులు ప్రత్యేకంగా మీ కోసం చెబుతున్నాను. మీ ఉత్తరంలో 'ఆ పార్టీ వాళ్లంతా' అని ఒకచోట రాసి కొట్టేశారు, కొట్టివేత కింద నాకు కనబడింది. 1986లో సుమారు 27 లక్షల మంది అక్రమ వలసదారులకు చట్టబద్ధ హోదా దారి తెరిచిన చట్టం మీద సంతకం పెట్టింది రీగన్. వీసా గడువు దాటి ఉండిపోయినవారిని 3 ఏళ్లు, 10 ఏళ్లు దేశంలోకి రానివ్వని 1996 నాటి చట్టం మీద సంతకం పెట్టింది డెమోక్రాట్ అయిన క్లింటన్. గ్రూపులో మీ బావగారు ఒక రంగు జెండా పట్టుకున్నారని, మీరు చదవకుండానే రెండో రంగు పట్టుకున్నారేమో చూసుకోండి.

నలభై మంది ముందు జరిగేది వాదన అనుకోకండి. అక్కడ ఎవరూ తమ మాట మార్చుకోలేరు. మీకన్నా పెద్దవాడు, అక్కయ్య భర్త, మీరు మొదటిసారి విమానం దిగినప్పుడు బహుశా విమానాశ్రయానికి వచ్చి నిలబడిన మనిషి, మేనమామలు, పినతల్లులు, వియ్యాలవారు చూస్తుండగా ఒక బావమరిది చేతిలో ఓడిపోయానని ఒప్పుకోగలడా? ఆ 'నువ్వెవరు' అన్న మాటలో అమెరికా రాజ్యాంగం కన్నా ఇంటి వరుస ఎక్కువ ఉంది. మీ 'పాస్‌పోర్టు రంగు' మాటలో కూడా అంతే. నిజం చెప్పాలంటే ఆ రెండింటిలో మీదే ఎక్కువ గాయం చేసింది. ఆయన మీ హోదాను అన్నారు, మీరు ఆయన మనిషితనాన్ని అన్నారు. అది అక్కయ్యకు కూడా తగిలింది, ఎందుకంటే ఆమెదీ అదే పాస్‌పోర్టు. ఆ మాటకు మీరు క్షమాపణ చెప్పాలి. వాదనకు కాదు, ఆ ఒక్క వాక్యానికి. అది కూడా ఆ గ్రూపులోనే, ఎందుకంటే అన్నది అక్కడే. రెండు వాక్యాలు చాలు. 'అయితే' అన్న మాట అందులో రాకూడదు.

మాట్లాడటం ఆపవద్దు. చోటు మార్చండి. మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడికి మీరు కూడా ఉత్తరం రాయవచ్చు, ఆ ప్రాంతంలో నివసిస్తే చాలు, ఓటరు కానక్కరలేదు. 7 శాతం నియమం మీ పాప జీవితాన్ని ఎలా ముడివేసిందో మీకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. పాప చదివే బడి బోర్డు సమావేశంలో నివాసిగా లేచి మాట్లాడవచ్చు. మీకు స్వయంగా తెలిసిన విషయం మీద, మీ పేరుతో, తిట్టు లేకుండా రాసిన ఒక పేజీ, ఆవేశంతో పంచుకున్న వంద వీడియోల కన్నా మీకు క్షేమం. వినేవారికి ఉపయోగం కూడా.

అక్కయ్యకు సందేశం పంపవద్దు. ఆదివారం ఉదయం పాపతో ఫోను చేయించండి. మేనకోడలి గొంతు వింటే ఏ అత్తయ్యా ఫోను పెట్టేయదు. ఆ రోజు రాజకీయం ఎత్తవద్దు. తరువాత ఎప్పుడైనా బావగారు దొరికితే, 2001 గురించి అడగండి. డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలిన ఏడాది అది. ఆయన అప్పటికి వచ్చి మూడేళ్లు. ఉద్యోగం పోయిన హెచ్-1బి మనిషికి అప్పట్లో 60 రోజుల గడువు కూడా లేదు, అది 2017లో వచ్చింది. ఆ రోజుల్లో ఆయన రాత్రి ఎలా నిద్రపోయారో, ఎవరిని చూసి భయపడ్డారో, అక్కయ్యకు చెప్పారో లేదో అడగండి. ఆయన చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడకండి.